కటాంగా: పటం ఎవరిది, పట్టా ఎవరిది?

2015వ సంవత్సరంలో ఆఫ్రికా పటం మీదినుంచి ఒక పెద్ద రాష్ట్రం పేరు తొలగిపోయింది. కాంగో ప్రజాస్వామిక రిపబ్లిక్కుకు దక్షిణపు కొసన, దాదాపు ఐదు లక్షల చదరపు కిలోమీటర్ల వైశాల్యంతో, అనగా సుమారు స్పెయిన్ దేశమంత విస్తీర్ణంతో వుండిన కటాంగా రాష్ట్రాన్ని ఆ ఏడు నాలుగు రాష్ట్రాలుగా విడదీశారు. లుముంబాను చంపిన గడ్డగా కటాంగా పేరు మన అభ్యుదయ పాఠకులకు పరిచితమే. కాని ఆ పేరు వినగానే మనకు చోంబే, కిరాయి సైనికులు, 1960-63 నాటి వేర్పాటు గుర్తుకు వస్తాయి తప్ప, అసలు ఆ రాష్ట్రం ఎలా పుట్టింది, దాని ఎల్లలు ఎవరు గీశారు, అది ఎన్నిసార్లు పేరు మార్చుకున్నది అన్న ప్రశ్నలు స్ఫురించవు.

నాకు మొదట ఆసక్తి కలిగించినది ఈ పేర్ల సంగతే. నేను చెప్పేది సాహిత్య పాఠం. ఒక పేరు ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అని అడగటం మా వృత్తిలో అలవాటు. కటాంగా, ఎలిజబెత్‌విల్, మళ్ళీ కటాంగా, షాబా, మళ్ళీ కటాంగా, చివరకు ఏ పేరూ లేదు. నూరేళ్ళ కాలంలో ఒకే నేలకు ఇన్ని పేర్లు ఎందుకు వచ్చాయి? ఈ వ్యాసంలో నేను ప్రతిపాదించేది ఇది: కటాంగా పాలనా చరిత్ర అక్కడి ప్రజల స్వపరిపాలనా చరిత్ర కాదు. భూగర్భంలోని రాగి వల్ల పుట్టే మిగులు ఎవరి చేతికి పోవాలన్న తగాదా చరిత్ర. రాష్ట్రాన్ని కలిపినప్పుడూ, విడదీసినప్పుడూ, పేరు మార్చినప్పుడూ ఆ తగాదాయే వెనుక వున్నది. దీనిని గ్రహించకపోతే, జాతుల స్వయంనిర్ణయ హక్కుకూ, కంపెనీ ప్రయోజనం కోసం లేవదీసిన వేర్పాటుకూ భేదం మనకు తెలియకుండా పోతుంది.

నేల, నీరు, రాగి

కాంగో అనగానే దట్టమైన అడవులు, ఎడతెగని వానలు మన కళ్ళకు కడతాయి. కటాంగా అలాంటిది కాదు. సముద్రమట్టానికి వెయ్యి మీటర్లకు పైబడిన పీఠభూమి దానిలో పెద్ద భాగం. పచ్చికబీళ్ళు, పలచని అడవి, నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వానలు, మిగిలిన ఆరు నెలలు ఎండ. కాంగో మహానదికి ప్రధానమైన ఎగువ పాయ లువలాబా ఇక్కడే పుట్టి ఉత్తరానికి ప్రవహిస్తుంది. తూర్పున టాంగన్యీకా సరస్సు, ఆగ్నేయాన మ్వేరూ సరస్సు, వాటి నడుమ కొండలు. నడిమి భాగంలో ఉపెంబా పల్లపు నేల. సరస్సులతో, చిత్తడి భూములతో చేపలకూ, వ్యవసాయానికీ అనువైన చోటు. లూబా రాజ్యానికి పుట్టినిల్లు ఈ పల్లమే. పశ్చిమాన లుండా ప్రభువుల ఏలుబడి వుండేది.

దక్షిణాన కొల్వేజీ నుంచి లికాసి మీదుగా లుబుంబాషి దాకా సుమారు మూడు వందల కిలోమీటర్ల పొడవున విల్లువలె వంగిన ఒక పట్టీ వున్నది. రాగీ, కోబాల్టూ వున్నది ఆ పట్టీలోనే. రాగి ఎక్కువగా వున్న మట్టిలో చెట్లు సరిగా పెరగవు. అందుచేత చుట్టూ అడవి వున్నా ఈ గుట్టలు మాత్రం బోడిగా, పైకి తేలిన పచ్చరాయితో కనిపించేవి. వాటిని గుర్తుపట్టటానికి అక్కడి జనానికి ఐరోపా భూగర్భ శాస్త్రజ్ఞుని అవసరం రాలేదు. పంట కోతలు ముగిసిన తర్వాత ఎండకాలంలో వాళ్ళు గుట్టలు తవ్వేవారు, చీమల పుట్టమట్టితో కొలుములు కట్టేవారు, బొగ్గుతో రాగి కరగించి శిలువ ఆకారపు అచ్చుల్లో పోసేవారు. 14వ శతాబ్ది నాటికే ఈ రాగి శిలువలు ఉపెంబా పల్లంలోని సమాధుల్లో కనిపిస్తాయి. తర్వాతి కాలంలో అవే నాణేలుగా చెల్లాయి.

దీనిని బట్టి రెండు సంగతులు గమనించాలి. ఒకటి: కటాంగాకు పరిశ్రమను తెల్లవాళ్ళు తెచ్చారన్నది కట్టుకథ. రెండు: ఉత్తరాన పల్లపు నేలల రైతులూ, బెస్తలూ, పశ్చిమాన లుండా జనం, దక్షిణాన గనుల ప్రాంతం ఒకే రాజ్యంగా ఎన్నడూ లేవు. కటాంగా అన్న పేరు గనుల ప్రాంతంలోని ఒక చిన్న నాయకునిది. ఆ పేరును ఇంత విశాలమైన నేలకు తగిలించినవారు బయటివారు.

కంపెనీయే సర్కారు

19వ శతాబ్ది మధ్యకాలంలో నేటి టాంజానియా ప్రాంతం నుంచి వచ్చిన న్యామ్వేజీ వర్తకుడొకడు ఈ గనుల ప్రాంతంలో రాజ్యం స్థాపించాడు. అతని పేరు మ్సిరి, రాజధాని బుంకేయా. రాగి, దంతం, బానిసలు అతని వర్తకం. ఒకవైపు హిందూ మహాసముద్రం దాకా, మరొకవైపు అట్లాంటిక్ దాకా అతని సరుకు పోయేది. అతను ప్రజల రాజని నేను చెప్పను. బానిస వర్తకుణ్ణి వీరునిగా కీర్తించనక్కర లేదు. కాని 1890లో సెసిల్ రోడ్స్ కంపెనీ దూత వచ్చి ఒప్పందం మీద సంతకం పెట్టమంటే నిరాకరించాడు. బెల్జియం రాజు లియోపోల్డ్ తన కాంగో స్వతంత్ర రాజ్యపు ఎల్లలను 1885లో ప్రకటించినప్పుడే కటాంగాను పటంలో కలుపుకున్నాడు గాని, ఆ నేల మీద అప్పటికి అతని అధికారి ఒక్కడూ లేడు. రోడ్స్ ముందుగా చేరుతాడేమోనన్న భయంతో సాయుధ బృందాలను పంపాడు. స్టెయిర్స్ అనే అధికారి నాయకత్వాన వచ్చిన బృందం 1891 డిసెంబరు 20న మ్సిరిని కాల్చి చంపింది. పటం మీది గీత నేల మీదికి దిగినది ఆనాడే.

దక్షిణపు సరిహద్దు 1894లో బ్రిటన్‌తో ఒడంబడిక మూలంగా స్థిరపడింది. కాంగో, జాంబెజీ నదుల నీరు విడిపోయే మిట్టను హద్దుగా పెట్టుకున్నారు. వాన నీరు ఎటు పారుతుందో చూసి దేశాలు పంచుకున్నారే గాని, మిట్టకు రెండువైపులా ఒకే భాషలు మాట్లాడేవారున్నారనీ, ఒకే రాగి పట్టీ వున్నదనీ వారికి పట్టలేదు. నేటి జాంబియా రాగి గనులు ఆ పట్టీలోని రెండవ సగమే.

లియోపోల్డ్ పద్ధతి ఏమంటే, ఖర్చు కంపెనీది, జెండా తనది, లాభం ఇద్దరిది. మ్సిరి చనిపోయిన ఏడాదే కటాంగా కంపెనీ ఏర్పడింది. ఆ ప్రాంతపు భూమిలో మూడో వంతు ఆ కంపెనీకి ఇచ్చారు. చదరంగపు గళ్ళవలె భూమిని పంచగా ఎవరి గడి ఎక్కడున్నదో తేలక చిక్కు వచ్చింది. ఆ చిక్కు విడదీయటానికి 1900లో కటాంగా ప్రత్యేక సంఘం అనే సంస్థను నెలకొల్పారు. ఆరుగురు సభ్యుల్లో నలుగురు రాజ్యం పక్షాన, ఇద్దరు కంపెనీ పక్షాన. ఆదాయంలో మూడింట రెండు వంతులు రాజ్యానికి, ఒక వంతు కంపెనీకి. ఈ సంఘం భూములు పట్టాలివ్వటమే గాక, 1910 దాకా ఆ ప్రాంతపు పరిపాలన కూడా తానే నడిపింది. దానికి సొంత సాయుధ దళం వున్నది. 1765లో దివానీ సంపాదించిన ఈస్టిండియా కంపెనీ చరిత్ర తెలిసిన మన పాఠకులకు ఈ ఏర్పాటు అర్థం కావటం కష్టం కాదు.

1906లో ఈ సంఘం, బెల్జియంలోని సొసియేటే జెనెరాల్ అనే మహా బ్యాంకు, టాంగన్యీకా కన్సెషన్స్ అనే బ్రిటిష్ కంపెనీ కలిసి యూనియన్ మినియేర్ గనుల కంపెనీని ప్రారంభించాయి. 1908లో కాంగో లియోపోల్డ్ సొంత ఆస్తిగా వుండటం పోయి బెల్జియం వలస అయింది. 1910లో పరిపాలనను సంఘం చేతినుంచి సర్కారు తీసుకున్నది గాని, కటాంగాకు ప్రత్యేకంగా ఒక ఉప గవర్నర్ జనరల్‌ను నియమించింది. అనగా కంపెనీ పాలన పోయినా కంపెనీ గీసిన ప్రాంతం ప్రత్యేక ప్రతిపత్తితో నిలిచింది. 1914లో వలసను నాలుగు పెద్ద రాష్ట్రాలు చేసినప్పుడు వాటిలో కటాంగా ఒకటి.

ఊళ్ళ పేర్లు, కూలీల బతుకులు

రొడీషియా నుంచి రైలు 1910లో వచ్చింది. ఆ ఏడే ఒక పట్టణం వెలిసింది. బెల్జియం రాణి పేర దానికి ఎలిజబెత్‌విల్ అని నామకరణం చేశారు. సరస్సు ఒడ్డున మరొక పట్టణానికి రాజు పేర ఆల్బర్ట్‌విల్ అన్నారు. మూడో పట్టణం, నేటి లికాసి, జాదోవిల్ అయింది. జాదో రాజూ కాడు, సేనానీ కాడు. సొసియేటే జెనెరాల్ బ్యాంకుకు గవర్నరు. రాణి, రాజు, బ్యాంకు అధిపతి: వలస రాజ్యంలో అధికారం ఎవరెవరి మధ్య పంపకమైనదో చెప్పటానికి ఈ మూడు పేర్లూ చాలు.

రాష్ట్రం పేరులోనూ ఇదే కథ. 1933లో బ్రస్సెల్సు ప్రభుత్వం రాష్ట్రాల స్వతంత్రాన్ని తగ్గించి, నాలుగింటిని ఆరు చేసి, రాజధాని పట్టణాల పేర్లు వాటికి పెట్టింది. కటాంగా కాస్తా ఎలిజబెత్‌విల్ రాష్ట్రమైంది. దాని భాగం కొంత పక్క రాష్ట్రానికి పోయింది. ఇది కటాంగాలోని తెల్ల వలసదారులకు కంటగింపయింది. తమ గనుల రాబడితో మిగిలిన కాంగోను పోషిస్తున్నామన్న ఫిర్యాదు మొదట ఆఫ్రికన్ల నోట పుట్టలేదు. అది తెల్లవాళ్ళ నోట పుట్టింది. 1947లో పాత పేరు తిరిగి వచ్చింది.

ఆ రాబడి ఎవరి చెమట? గనులున్న చోట జనం పలచన. అందుచేత కంపెనీ రొడీషియా నుంచి, కసాయ్ నుంచి, రువాండా-ఉరుండీ నుంచి కూలీలను తెచ్చింది. మొదటి ఏళ్ళల్లో రోగాలతో వాళ్ళు కుప్పకూలిపోయేవారు. పదే పదే కొత్త కూలీలను తేవటం నష్టమని లెక్క వేసి 1920 దశాబ్ది చివరినుంచి కుటుంబాలతో సహా కాపురం పెట్టించింది. ఇల్లు కంపెనీది, బడి మిషనరీలది, రేషను కంపెనీది. దీనిని చాలామంది వలస పాలనలోని ఔదార్యమని రాశారు. ఆ ఔదార్యం ఎంతటిదో 1941 డిసెంబరులో తేలింది. యుద్ధకాలపు ధరల పెరుగుదలకు తాళలేక కార్మికులు కూలి పెంచమని సమ్మె కట్టి ఎలిజబెత్‌విల్ ఫుట్‌బాల్ మైదానంలో గుమిగూడితే సైనికులు కాల్పులు జరిపారు. పదుల సంఖ్యలో చనిపోయారు. సమ్మె నాయకుడు లెయొనార్ ఎంపోయీ చనిపోయినవారిలో ఒకడు. ఆ రోజుల్లోనే కటాంగాలోని షింకోలోబ్వే గని యురేనియం అమెరికాకు చేరింది. 1945లో హిరోషిమా మీద వేసిన బాంబుకు వాడిన యురేనియంలో అధిక భాగం ఆ గనిదే.

స్వాతంత్ర్యానికి పదకొండో నాడు

1957 డిసెంబరులో ఎలిజబెత్‌విల్‌లో మొదటిసారి పురపాలక ఎన్నికలు జరిగాయి. గెలిచిన ఆఫ్రికన్ మేయర్లలో ఎక్కువమంది కసాయ్ నుంచి వచ్చినవారి సంతతి. కంపెనీ తెచ్చినవారే కంపెనీ గుమాస్తాలై, మేస్త్రీలై ముందుకు రాగా, మా నేల మీద మాకే చోటు లేదన్న బాధ దక్షిణ కటాంగా వారిలో పుట్టింది. ఆ బాధ నిజమైనదే. దానిని తేలికగా కొట్టిపారెయ్యటం అభ్యుదయవాదులకు తగదు. అయితే ఆ బాధను పోగుచేసి 1958లో వెలిసిన కొనాకాట్ పార్టీ, మరుసటి ఏడు ఎవరితో చెయ్యి కలిపింది? తెల్ల వలసదారుల సంఘంతో. కూలీని కూలీ మీదికి ఉసికొల్పే పని అలా పూర్తయింది.

1960 మే ఎన్నికల్లో కటాంగా శాసనసభలోని 60 స్థానాల్లో కొనాకాట్‌కు వచ్చినవి 25. ఉత్తర కటాంగా లూబా ప్రజల పార్టీ బలుబాకాట్, దాని మిత్రులు సభను బహిష్కరించగా మూడింట రెండు వంతుల కోరం నిండలేదు. అప్పుడు బెల్జియం పార్లమెంటు, స్వాతంత్ర్యం ఇవ్వటానికి రెండు వారాల ముందు, మౌలిక శాసనాన్నే సవరించి కోరం తగ్గించింది. చోంబే ప్రభుత్వం అలా గద్దె ఎక్కింది. మరొక సంగతి ఇంతకన్నా ముఖ్యం. జూన్ 27న, స్వాతంత్ర్యానికి మూడు రోజుల ముందు, పైన చెప్పిన కటాంగా ప్రత్యేక సంఘాన్ని రద్దు చేశారు. ఆ సంఘం వాటాల ద్వారా యూనియన్ మినియేర్‌లో కొత్త కాంగో ప్రభుత్వానికి రావలసిన ఓటింగు పెత్తనం దీనితో జారిపోయింది. జెండా ఎగరకముందే ఖజానా తాళంచెవి మాయమైనది.

జూన్ 30న స్వాతంత్ర్యం. జూలై 11న చోంబే కటాంగా వేర్పాటు ప్రకటన. బెల్జియన్ సైనికులు, అధికారులు అండ నిలిచారు. యూనియన్ మినియేర్ తాను కట్టవలసిన పన్నులను కేంద్రానికి గాక చోంబేకు చెల్లించింది. కాంగో జనాభాలో సుమారు ఎనిమిదో వంతు మాత్రమే వున్న ఈ రాష్ట్రం చేజారితే లుముంబా ప్రభుత్వానికి జీతాలిచ్చే దారి కూడా వుండదని వారికి తెలుసు. కటాంగాకు స్వాతంత్ర్యం కావాలన్న చోంబే, ఉత్తర కటాంగాలో లూబా ప్రజలు ఆ స్వాతంత్ర్యం మాకు వద్దని తిరగబడితే గ్రామాలు తగలబెట్టించాడు. స్వయంనిర్ణయ హక్కు పరీక్షకు నిలిచినది ఇక్కడే: రాష్ట్రంలోని సగం ప్రజల మీద కిరాయి సైన్యంతో రుద్దినదానిని జాతి కోరిక అనగలమా? ఏ దేశమూ ఆ రాజ్యాన్ని అధికారికంగా గుర్తించలేదు. 1961 జనవరి 17న లుముంబానూ, ఆయన సహచరులు ఎంపోలో, ఒకీటోలనూ ఎలిజబెత్‌విల్‌కు విమానంలో తెచ్చి ఆ రాత్రే కాల్చి చంపారు. కాల్చినవారి పక్కన బెల్జియన్ అధికారులున్నారు. తమ నైతిక బాధ్యతను బెల్జియం ప్రభుత్వం ఒప్పుకోవటానికి 2002 దాకా పట్టింది. ఆయన శరీరంలో మిగిలిన ఒక్క పన్ను 2022 జూన్‌లో కుటుంబానికి చేరింది.

ఈ చరిత్రలో మన దేశానికి చోటున్నది. లుముంబా హత్య తర్వాత నెహ్రూ ప్రభుత్వం ఐక్యరాజ్య సమితి పక్షాన ఒక బ్రిగేడును కాంగోకు పంపింది. 1961 డిసెంబరు 5న ఎలిజబెత్‌విల్‌లో కటాంగా సైనికుల అడ్డుకట్టను ఛేదిస్తూ గూర్ఖా దళపు కెప్టెన్ గుర్‌బచన్ సింగ్ సలారియా మరణించాడు. అతనికి పరమవీర చక్ర ఇచ్చారు. 1963 జనవరిలో వేర్పాటు ముగిసింది. సమితి ఈ పని 1960లోనే చేసివుంటే లుముంబా బతికేవాడు గదా అన్న ప్రశ్న మాత్రం మిగిలే వున్నది.

పేరు మారింది, మరి పట్టా?

వేర్పాటు ముగిసిన వెంటనే రాష్ట్రం మూడు ముక్కలైంది. 1965 నవంబరులో అధికారం కాజేసిన మొబుటు, రాష్ట్రాలకు బలముంటే తనకు ముప్పని తలచి, మరుసటి ఏడు ముక్కలన్నిటినీ మళ్ళీ కలిపి, రాజధాని నుంచి గవర్నర్లను పంపాడు. ఎలిజబెత్‌విల్ లుబుంబాషి అయింది. జాదోవిల్ లికాసి, ఆల్బర్ట్‌విల్ కలెమీ అయ్యాయి. 1971లో దేశం జైర్ అయినది; కటాంగాకు షాబా అని పేరు వచ్చింది. స్వాహిలీలో షాబా అంటే రాగి. ఆఫ్రికన్ అస్తిత్వం పేర పెట్టిన ఈ పేరును కాస్త ఆలోచించి చూడండి. నదిని బట్టి కాదు, జనాన్ని బట్టి కాదు, అమ్మే సరుకును బట్టి ఒక రాష్ట్రానికి పేరు!

1967 తొలిరోజున యూనియన్ మినియేర్ ఆస్తులు జాతీయమయ్యాయి. వామపక్షాలు సహజంగానే హర్షించాయి. అయితే ఆ ఏడాదే గనుల నిర్వహణనూ, రాగి అమ్మకాన్నీ సొసియేటే జెనెరాల్‌కు చెందిన అనుబంధ సంస్థకే ఒప్పందం మీద అప్పగించారు. ప్రభుత్వ కంపెనీ జెకామీన్ 1980 దశాబ్ది మధ్యలో ఏటా నాలుగున్నర లక్షల టన్నులకు పైగా రాగి తీసింది. ఆ సొమ్ము మొబుటు పరివారానికి పోయింది గాని యంత్రాలకు పోలేదు, కార్మికునికి పోలేదు. 1990లో కమోటో గని కూలింది. కొన్నేళ్ళలో ఉత్పత్తి పదోవంతుకు పడిపోయింది. పని పోయిన చోట పాత విషం మళ్ళీ పైకి వచ్చింది. 1992-93లో కసాయ్ మూలాలున్న లక్షలాది మందిని, అక్కడే పుట్టి పెరిగినవారిని సైతం, పరాయివారని రైళ్ళెక్కించి తరిమారు. జాతీయం చెయ్యటం అంటే ప్రజలపరం చెయ్యటం కాదని ఇంతకన్నా స్పష్టంగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు.

నాలుగు ముక్కల లెక్క

1997లో మొబుటు పతనంతో కటాంగా పేరు తిరిగి వచ్చింది. 2002లో ప్రపంచ బ్యాంకు సలహాతో కొత్త గనుల చట్టం వచ్చింది. 2003-04లో ఆ బ్యాంకు సొమ్ముతోనే జెకామీన్‌లో సుమారు పదివేల మందిని ఇంటికి పంపారు. గనులు విదేశీ కంపెనీలకు, ఆ తర్వాత పెద్ద ఎత్తున చైనా కంపెనీలకు పోయాయి. ఇంటికి వెళ్ళినవారూ, వారి పిల్లలూ పలుగూ గోనెసంచీ పట్టుకొని చేతితో తవ్వే కూలీలయ్యారు. నేడు ప్రపంచంలో తవ్వే కోబాల్టులో దాదాపు మూడింట రెండు వంతులకు పైగా కాంగోదే. మోటారు కార్ల బ్యాటరీల్లో, చేతి ఫోన్లలో అది వున్నది.

2006 రాజ్యాంగం దేశాన్ని కిన్షాసాతో కలిపి 26 విభాగాలుగా చెయ్యాలన్నది. జాతీయ రాబడిలో నూటికి 40 వంతులు రాష్ట్రాలకు మిగలాలన్నది. మొదటిది 2015లో జరిగింది. రెండవది సక్రమంగా అమలు కాలేదు. కటాంగా నాలుగైంది: లుబుంబాషి ముఖ్యపట్టణంగా ఎగువ కటాంగా, కొల్వేజీతో లువలాబా, కామీనాతో ఎగువ లోమామీ, కలెమీతో టాంగన్యీకా. రాగి, కోబాల్టు దక్షిణపు రెండింటికీ దక్కాయి. ఉత్తరపు రెండింటికీ మిగిలినవి దూరాలూ, పాడైన రోడ్లూ, సాయుధ ముఠాలూ. పాలన ప్రజలకు దగ్గరవుతుందన్న వాదం వినటానికి బాగానే వున్నది. డబ్బు దగ్గర కాకుండా పాలన ఎలా దగ్గరవుతుంది? కొల్వేజీ గవర్నరు కార్యాలయం నుంచి గని కనిపిస్తుంది గాని, గని ఒప్పందం మీద సంతకం అక్కడ జరగదు.

ఈ కథ చదివి, పెద్ద రాష్ట్రం మంచిదనో చిన్న రాష్ట్రం మంచిదనో తీర్పు చెప్పబోను. కటాంగాను కలిపినవారిలోనూ, చీల్చినవారిలోనూ ప్రజాశత్రువులున్నారు. మన విద్యార్థులు ఒక సరిహద్దును గురించి వాదించేటప్పుడు రెండు ప్రశ్నలు ముందుగా అడగాలని నా విజ్ఞప్తి. ఆ గీతకు లోపలివైపు నేల కింద వున్నదాని మీద సంతకం పెట్టే అధికారం ఎవరిది? ఆ గీత కోరినవారు తమ గీత లోపలి బలహీనులను ఎలా చూశారు? 1960లో చోంబేను ఈ రెండు ప్రశ్నలూ అడిగివుంటే అతని స్వాతంత్ర్యపు బండారం ఒక్క రోజులో బయటపడేది. నేడు లువలాబా రాష్ట్రంలో గోనెసంచీ భుజాన వేసుకొని కోబాల్టు రాళ్ళు మోసే కూలీ, నాలుగు రాష్ట్రాలలో తనది ఏదైనా, ఈ ప్రశ్నలకు ఇంకా జవాబు పొందలేదు.